మొహం తెలిస్తే చాలదు

ఆ రోజు మొదటి దెబ్బ ఉదయం ఏడుంబావుకే పడింది. పోలింగ్ మొదలై అప్పటికి పావుగంట. రేవు వీధి బాక్సింగ్ క్లబ్బు గుమ్మం ముందు వరసలో నిలబడ్డ ఒకడు, స్టేషన్ పక్క హోటల్లో ప్రభుత్వం ఉంచిన, ఆశ్రయం అడిగి వచ్చిన పరాయి దేశాల వాళ్ళ గురించి ఏదో కూశాడు. ముందు నిలబడ్డవాడు వెనక్కి తిరిగి, మాట లేదు మంతి లేదు, నుదుటితో వాడి ముక్కు మీద ఒక్క పోటు పొడిచాడు. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది.

ఈనిడ్ గార్బట్ కుర్చీలోంచి లేచి వెళ్ళేసరికి గుమ్మం రాయి ఎర్రగా ఉంది. ఆవిడ గట్టిగా అరవలేదు. ముక్కు పగిలినవాడి చేతిలో వంటింటి కాగితపు చుట్ట మొత్తం పెట్టింది. పగలగొట్టినవాణ్ణి వరసలో ఆఖరుకి పొమ్మంది. వాడు సణుక్కుంటూ పోయాడు. ముక్కువాడు ఒక చేత్తో కాగితం అదుముకుని రెండో చేత్తో ఓటేసి, ఇంత రక్తం ధారపోసి ఓటేసినవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటానని జోకేసి మరీ వెళ్ళాడు. ఈనిడ్ బకెట్టూ గుడ్డా తెచ్చి రాయి కడిగింది.

ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళు బడి వంటశాలలో పనిచేసింది. సాల్ట్‌బీ ఊళ్ళో ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలింగ్ గదికి పెద్దగా కూర్చోవడం ఆవిడకి పరిపాటి. ఎప్పుడూ పిల్లల బడిలోనే జరిగేది. ఈసారి బడి పైకప్పు పెచ్చులూడి పడుతోందని తాళం వేశారు. అందుకని ఓట్ల పెట్టె బాక్సింగ్ క్లబ్బుకొచ్చింది. మధ్యలో ఉన్న రింగుని కదపడానికి వీల్లేదు. దాని పక్కనే చెక్క అరలు నిలబెట్టి, అరకో పెన్సిలు తాడుతో కట్టారు. పై నుంచి ఇసక సంచులు గొలుసులకి వేలాడుతున్నాయి. ఓటేసి పోతూ చాలామంది వాటినొక గుద్దు గుద్దారు. ముసలమ్మలు కూడా గుద్దారు.

ఈసారి జనం అలాగే వచ్చారు మరి, పళ్ళు కొరుక్కుంటూ. ఒక ముసలాయన నోరు తెరిచి లోపలి ఖాళీ చూపించాడు. మూడేళ్ళుగా ఊళ్ళో పంటి డాక్టరు లేడని, తన దవడ పన్ను తనే పటకారుతో పీక్కున్నానని చెప్పాడు. గ్యాసు బిల్లు తిట్టుకుంటూ వచ్చిన ఒకావిడ, గుర్తు పెడుతూ పెన్సిలుని ఎంత కసిగా నొక్కిందంటే మొన విరిగి చెక్కలో దిగబడింది. గోడలు చెమ్మెక్కిన అద్దింట్లో ఉండే పిల్లతల్లి ఒకతె, దగ్గుతున్న పిల్లని చంకనేసుకుని వచ్చి, ఈ దగ్గు వినిపించడానికే దీన్ని తెచ్చానంది. వినాల్సినవాళ్ళు అక్కడ లేరు. ఈనిడ్ విని, పేరూ అడ్రసూ అడిగి, కార్డులో ఫోటో చూసి, ఓటు కాగితం చింపి ఇచ్చింది. ఆవిడ పని అంతవరకే.

పక్క కుర్చీలో షాజియా ఉంది, మందుల షాపులో పనిచేసే పిల్ల. జాబితాలో పేర్ల మీద గీత గీయడం ఆమె పని. బయట గుమ్మానికి పది అడుగుల దూరంలో మడత కుర్చీలో రాయ్‌స్టన్ పెగ్ కూర్చున్నాడు, ఛాతీకి పార్టీ రంగు రిబ్బను పువ్వు పెట్టుకుని. ఓటేసి వచ్చేవాళ్ళ నంబరడిగి రాసుకుంటాడు, తమవాళ్ళలో ఇంకా రానివాళ్ళ తలుపులు తట్టడానికి. హోటలు మూయిస్తామనే పార్టీ అతనిది. అతని కూతురు ఇద్దరు పిల్లలతో ఒకే గదిలో ఉంటూ మునిసిపాలిటీ ఇంటికోసం ఆరేళ్ళుగా చూస్తోంది. ఆ కోపమంతా తీసుకెళ్ళి హోటలు మీద పెట్టాడు.

గదిలో ఈనిడ్‌కి ఎదురుగోడ మీద ఫోటోలున్నాయి, క్లబ్బులో గెలిచినవాళ్ళవి. వరసలో నాలుగోది చూడకుండా ఉండాలని పొద్దుటినుంచీ ఆవిడ ప్రయత్నం. అందులో ఇరవై రెండేళ్ళ కుర్రాడు చేతులకి గ్లవుజులతో నవ్వుతుంటాడు. కింద ఇత్తడి రేకు మీద చెక్కి ఉంది: క్లిఫర్డ్ ట్రాంటర్, మిడిల్ వెయిట్ విజేత, 1984.

క్లిఫ్ ఆవిడ చెల్లెలు ఏవ్రిల్ మొగుడు. ఏవ్రిల్ జనవరిలో పోయింది. అప్పట్నుంచీ క్లిఫ్ ఈనిడ్‌తో ఒక్క మాట మాట్లాడలేదు.

దానికి కారణం ఊళ్ళో ముగ్గురికే తెలుసు. ఆ రాత్రి ఏవ్రిల్‌కి ఊపిరి అందకపోతే అంబులెన్సుకి ఫోన్ చేశారు. కదిలించకండి, పంపిస్తాం అన్నారు. గంట గడిచింది, రెండు గడిచాయి. పక్కింటి రాయ్‌స్టన్ తన వ్యాను తెచ్చి వాకిట్లో పెట్టాడు. క్లిఫ్ పెళ్ళాన్ని రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు. ఈనిడ్ గుమ్మానికి అడ్డం నిలబడింది. కదిలించొద్దన్నారు క్లిఫ్, మనకన్నా ముందు ఫోన్ చేసినవాళ్ళున్నారు, మన వంతు వస్తుంది అంది. క్లిఫ్ ఆగాడు. ఐదు గంటలు గడిచాక అంబులెన్సు వచ్చింది. ఆ తర్వాత పెద్దాసుపత్రి నడవాలో చక్రాల మంచం మీద పద్నాలుగు గంటలు, కూల్‌డ్రింకుల మిషను పక్కన. అక్కడే పోయింది. ఆ మంచం మీదుండగానే ఏవ్రిల్ మొగుడి చేత ఒట్టేయించుకుంది. జన్మలో ఓటు మొహం చూడనివాడు ఈసారి వెళ్ళి ఓటెయ్యాలని. ఆసుపత్రి నర్సు ఒకావిడ ఏ పార్టీ లేకుండా నిలబడుతోందట, ఆవిడకెయ్యమని. ఆవిడే తన కారులోంచి దుప్పటి తెచ్చి ఏవ్రిల్‌కి కప్పింది.

ఈ సంగతి ఈనిడ్‌కి తెలుసు. అందుకే గుమ్మంలో నీడ పడినప్పుడల్లా తలెత్తి చూస్తోంది.

నాలుగుంపావుకి వచ్చాడు. కోటూ టై వేసుకున్నాడు, పెళ్ళాన్ని పాతిపెట్టిన రోజు వేసుకున్న టై. అరవై రెండేళ్ళ వయసులో కూడా భుజాలు తలుపుకి రెండు వైపులా తగులుతున్నాయి. వరసలో ముందున్నవాళ్ళు తప్పుకుని దారివ్వబోతే వద్దని తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. బల్ల దగ్గరికొచ్చి ఈనిడ్ మొహం చూడకుండా పేరూ అడ్రసూ చెప్పి, జేబులోంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాడు.

ఈనిడ్ తెరిచింది. పాస్‌పోర్టులోంచి తన చెల్లెలు తనని చూస్తోంది, జుట్టు వెనక్కి బిగించి కట్టుకుని, నవ్వొద్దన్నందుకు మూతి బిగించుకుని.

జరిగిందేమిటో ఆవిడకి ఆ క్షణంలోనే అర్థమైంది. మనిషి పోతే వాళ్ళ పాస్‌పోర్టు సర్కారుకి తిరిగి పంపాలి, వాళ్ళు మూల కత్తిరించి రద్దు చేస్తారు. పెళ్ళాం పోయిన వారానికి క్లిఫ్ బిస్కెట్ల డబ్బాలోంచి రెండు పాస్‌పోర్టుల్లో ఒకటి తీసి కవర్లో పెట్టి పంపాడు. తెరిచి చూడలేదు. తెరిస్తే ఆమె మొహం కనిపిస్తుందని భయం. పంపింది తనది. మిగిలింది ఆమెది. ఈ ఆరు నెల్లూ ఆ డబ్బా జోలికి పోయి ఉండడు, ఇవాళ కూడా తెరవకుండానే జేబులో వేసుకుని వచ్చాడు.

"క్లిఫ్," అంది గొంతు తగ్గించి, "ఇది నీది కాదు. ఏవ్రిల్‌ది."

అతను పాస్‌పోర్టు వైపు చూడలేదు. ఈనిడ్ తలకి పైనెక్కడో గోడ మీద చూపు నిలిపాడు. "నాది ఇంకేమీ లేదు," అన్నాడు. కంటి జబ్బొచ్చిన ఏడాదే డ్రైవింగ్ లైసెన్సు పోయింది. పెద్దవాళ్ళకిచ్చే బస్సు పాసుకి ఇంకా వయసు రాలేదు. "ఐతే ఏం? కాగితం ఇవ్వు."

"ఫోటో ఉన్న కార్డు లేందే ఇవ్వకూడదు."

"నేనెవరో నీకు తెలీదా ఈనిడ్?"

"తెలుసు."

"ఇదే గదిలో, ఆ సంచి కింద, నీ చెల్లెల్ని నాకు చూపించింది నువ్వే కదా. నలభై ఏళ్ళు నీ చేతి బంగాళాదుంపలు తిన్నాను. నేనెవరో చెప్పు."

"క్లిఫర్డ్ ట్రాంటర్‌వి. మొహం తెలిస్తే చాలదు క్లిఫ్, రూలు. నేను రాసింది కాదు."

"ఆ రాత్రి కూడా నువ్వు రాసింది కాదు," అన్నాడతను.

క్లిఫ్ వెనక్కి తిరిగి గోడ దగ్గరికి నడిచాడు. నాలుగో ఫోటోని రెండు చేతుల్తో పట్టుకుని లాగితే మేకుతో సహా ఊడొచ్చింది, సున్నం పెళ్ళ కూడా రాలింది. తీసుకొచ్చి బల్ల మీద వేసి కొట్టాడు. అద్దం పగిలి ఈనిడ్ ఒళ్ళో పడింది. ఒక ముక్క అతని అరచేతిలో దిగింది, అతను చూసుకోలేదు.

"ఫోటో ఉంది. పేరుంది. ఇత్తడి మీద చెక్కి మరీ ఉంది. ఇంకేం కావాలి?"

ఆ ఫోటోలో వాడికి జుట్టుంది గురూ అని వరసలోంచి ఎవడో అన్నాడు. ఇద్దరు నవ్వారు. ఆ నవ్వుతో పోయేదే, అక్కడితో చల్లారేదే. కానీ అద్దం పగిలిన చప్పుడికి రాయ్‌స్టన్ పెగ్ లోపలికొచ్చాడు. పార్టీ పువ్వు పెట్టుకున్నవాడు లోపల నిలబడి మాట్లాడకూడదు. ఈనిడ్ చెయ్యెత్తి బయటికి పొమ్మంది. రాయ్‌స్టన్ చెడ్డవాడు కాదు, స్నేహితుణ్ణి ఓదార్చాలనే వచ్చాడు. అతనికి తెలిసిన ఓదార్పు ఒక్కటే.

"ఈ బల్లతో నీకు పోట్లాట దేనికిరా క్లిఫ్," అన్నాడు భుజం మీద చెయ్యేసి. "ఏవ్రిల్‌కి మంచం దొరక్కుండా చేసింది ఎవరో అందరికీ తెలుసు. ఆ హోటల్లో ఉన్నారు చూడు, నల్లమూక, చంపింది వాళ్ళు."

పద్నాలుగు గంటల్లో చివరి నాలుగు గంటలు ఏవ్రిల్ చెయ్యి పట్టుకుని కూర్చున్న ఇంకో నర్సు ఘానా దేశపు మనిషి. ఆవిడ చెయ్యి నల్లగా ఉంటుంది. క్లిఫ్ అవతలి చెయ్యి పట్టుకుని అంతసేపూ ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. రాయ్‌స్టన్‌కి ఆ సంగతి తెలీదు.

క్లిఫ్ భుజం కిందికి దిగడం ఈనిడ్ చూసింది. ఆ కదలిక ఆవిడకి బాగా తెలుసు. ఇదే గదిలో చెల్లెలి పక్కన బెంచీ మీద కూర్చుని వందసార్లు చూసింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి బల్ల చుట్టూ ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేరు, ఇద్దరి మధ్యా వచ్చి నిలబడింది. మొదటి గుద్దు ఆవిడ ఎడమ చెంప మీద పడింది. ఆవిడకి నొప్పి తెలియలేదు, తెల్లటి వెలుగొకటి కనిపించింది, తర్వాత చెక్క నేల బుగ్గకి చల్లగా తగిలింది. క్లిఫ్ ఆవిడని చూడనైనా లేదు. రెండోది రాయ్‌స్టన్ దవడ మీద పడింది. మూడోది గుండె కింద. రాయ్‌స్టన్ కాళ్ళు నేల వదిలి వెనక్కి పోయాడు. రింగు మూల ఇనప స్తంభానికి తల తగిలింది. ఆ చప్పుడు విని వరసలో ఒక ఆడమనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

క్లిఫ్ ఆగలేదు. పడ్డవాడి చొక్కా పట్టుకుని లేపి మళ్ళీ కొట్టబోయాడు. పొద్దున్న ముక్కు పగలగొట్టినవాడు ఎందుకో మళ్ళీ అక్కడే ఉన్నాడు. వాడూ ఇంకో ముగ్గురూ క్లిఫ్ మీద పడ్డారు. ఒకడి మోచెయ్యి ఒకడి కంట్లో దిగింది, ఇంకొకడు ఇసక సంచికి కొట్టుకుని గొలుసు పట్టుకుని వేలాడాడు. చెక్క అర ఒకటి పెన్సిలుతో సహా కూలింది. ఇంత జరుగుతున్నా షాజియా ఓట్ల పెట్టెని రెండు చేతుల్తో కౌగలించుకుని, దాని మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చుంది. వదల్లేదు.

నాలుగిళ్ళ అవతలే ఉన్న పోలీసులు ఇద్దరు రెండు నిమిషాల్లో వచ్చారు, ఒక సార్జెంటు అమ్మాయి, ఒక కానిస్టేబులు. అప్పటికి క్లిఫ్ నలుగురి కింద బోర్లా పడి ఉన్నాడు, ఒళ్ళు వదిలేసి. చేతులు ముందుకు తెచ్చి బేడీలు వేస్తే వేయించుకున్నాడు. రింగు మెట్టు మీద కూర్చోబెట్టారు. అప్పుడు చూశాడు ఈనిడ్ మొహాన్ని. చూసి తల దించేసుకున్నాడు.

రాయ్‌స్టన్ లేవలేదు. చెవిలోంచి సన్నగా రక్తం కారుతోంది. సార్జెంటు అంబులెన్సుకి ఫోన్ చేసింది. అవతలివాళ్ళు చెప్పింది విని, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి చెప్పింది: మూడు గంటలు పట్టచ్చట, కదిలించొద్దన్నారు, మనకన్నా ముందు పద్నాలుగు మంది ఉన్నారట.

గదిలో అందరూ నేల చూపులు చూశారు. ఈనిడ్ బల్ల కాలు పట్టుకుని లేచింది. ఎడమ కన్ను అప్పటికే మూసుకుపోతోంది.

"అతని వ్యాను బయటే ఉంది," అంది. "తాళాలు ప్యాంటు జేబులో ఉంటాయి. తీసుకెళ్ళండి."

తలకి దెబ్బ తగిలినవాణ్ణి కదిలించకూడదని కానిస్టేబులు నసిగాడు. తప్పైతే తన ఉద్యోగం పోతుందన్నాడు.

"నా పేరు రాసుకో. ఈనిడ్ గార్బట్ తీసుకెళ్ళమంది అని రాసుకో. ఆ కూలిన అర చెక్క నేల మీద పెట్టి, మెడ కదలకుండా దాని మీద ఎత్తండి. నువ్వు తోలు. ఆగొద్దు."

ఎవరో రెండో మాట మాట్లాడకుండా కూలిన అర చెక్క తెచ్చారు. పొద్దున్న ముక్కు పగలగొట్టినవాడు రాయ్‌స్టన్ తల రెండు చేతుల మధ్య పెట్టుకుని వ్యానెక్కాడు. బండి వెళ్ళిపోయింది. క్లిఫ్ మెట్టు మీద కూర్చుని ఆ శబ్దం వీధి మలుపు తిరిగేదాకా విన్నాడు. తర్వాత తలెత్తి ఈనిడ్ వైపు చూశాడు. జనవరి తర్వాత అతను ఆవిడ మొహంలోకి సూటిగా చూడటం అదే.

గడియారం నాలుగూ ముప్పై అయిదు చూపిస్తోంది.

ఈనిడ్ పగిలిన అద్దం దులుపుకుని బల్ల సొరుగులోంచి ఎన్నికల పుస్తకం తీసింది. ఒంటి కంటితో వెతికి పేజీ పట్టుకుంది. కార్డు పోయినవాళ్ళు, పాడైనవాళ్ళు, తమ బదులు ఓటెయ్యడానికి ఇంకొకర్ని పెట్టుకోవచ్చు. ఆ రోజు సాయంత్రం అయిదు లోపల సంతకం చేసిన కాగితం మునిసిపాలిటీకి చేరాలి. ఆ తర్వాత దేవుడొచ్చినా లాభం లేదు.

"నీ పాస్‌పోర్టు నువ్వే పంపేశావు క్లిఫ్, అది పోయినట్టే లెక్క," అంది అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని. "నీ బదులు ఎవరైనా వెయ్యచ్చు. వాళ్ళ దగ్గర కార్డుండాలి. ఎవరి పేరు రాయను? నువ్వు నమ్మేవాళ్ళ పేరు చెప్పు. వాళ్ళు లోపల ఎవరికేశారో నువ్వు చూడలేవు."

క్లిఫ్ గడియారం వైపు చూశాడు. నమ్మిన మనిషి మట్టిలో ఉంది. స్నేహితుడు చెక్క మీద పడుకుని ఆసుపత్రికి పోతున్నాడు. గడియారంలో పెద్దముల్లు ఒక గీత కదిలింది, ఇంకో గీత కదిలింది.

"నువ్వే," అన్నాడు.

"నేనెప్పుడూ నువ్వు చెప్పినవాళ్ళకి వెయ్యలేదు."

"తెలుసు. నువ్వే."

ఈనిడ్ కాగితం నింపింది. ఇంకేం అడగలేదు. సార్జెంటు బేడీల చేతుల్ని బల్ల అంచు దాకా రానిచ్చింది. అరచేతి కోతలోంచి రక్తం కారి సంతకం మీద పడి సగం పేరు మూసేసింది. రెండో కాగితం తెచ్చారు. దాని మీద కూడా పడింది. మూడోసారి సార్జెంటు తన రుమాలు తీసి అతని చేతికి చుట్టి, మణికట్టు పట్టుకుంది. క్లిఫర్డ్ ట్రాంటర్ అని ఒక్కో అక్షరం చిన్నపిల్లాడిలా రాశాడు. షాజియా ఫోన్‌తో ఫోటో తీసి పంపింది. నాలుగూ యాభై రెండు. పొద్దుటినుంచీ అంతమందిని తిట్టుకున్న ఆ గది అప్పుడు ఒక్క ఫోన్‌కోసం చూసింది. నాలుగూ యాభై ఏడుకి మోగింది. పేరు జాబితాకెక్కింది.

సరిగ్గా అప్పుడే మునిసిపాలిటీ వాళ్ళు ఇంకో మాట కూడా చెప్పారు. దెబ్బలు తిన్న మనిషి ఆ కుర్చీలో కూర్చోడానికి వీల్లేదని, ఇంకొకర్ని పంపుతున్నామని. అయిదున్నరకి ఫెంటన్ అనే సన్నటి మనిషి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. ఈనిడ్ దగ్గర జాబితా, పుస్తకం, తాళంచెవి లెక్కగా తీసుకుని, సంతకం పెట్టించుకుని, ఆవిణ్ణి ఇంటికెళ్ళమన్నాడు.

ఈనిడ్ బయటికెళ్ళి వరసలో ఆఖరున నిలబడింది.

నలభై నిమిషాలు పట్టింది. ముందున్నవాళ్ళు జరిగి రమ్మంటే రానంది. ఆ రోజు సంగతి ఊరంతా పాకి, ఓటెయ్యనివాళ్ళు కూడా చూడ్డానికి వచ్చి, వచ్చాం కదా అని ఓటేశారు. ఆవిడ చెంప ఉబ్బి దవడ దాకా దిగింది. నీలంగా మొదలై నల్లగా మారింది. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవి ఒక పక్కకి లాగేసింది.

బల్ల దగ్గరికి రాగానే షాజియా తలెత్తింది. పొద్దున్న ఆరింటి నుంచీ ఆ పిల్ల ఈనిడ్ పక్కనే కూర్చుంది. ఆవిడ ఫ్లాస్కులో టీ తాగింది. అయినా అడగాలి కాబట్టి అడిగింది.

"మీ పేరు, అడ్రసు చెప్పండి."

ఈనిడ్ చెప్పి బస్సు పాసు బల్ల మీద పెట్టింది. ఫెంటన్ దాన్ని తీసుకున్నాడు. పాసు చూశాడు, ఆవిణ్ణి చూశాడు, మళ్ళీ పాసు చూశాడు. ఫోటోలో గుండ్రటి మొహం, రెండు కళ్ళు, రెండు సమానమైన బుగ్గలు. ఎదురుగా ఉన్నదానికి అవేవీ లేవు.

"పోలిక కనబడటం లేదండీ," అన్నాడు. అతను కూడా చెడ్డవాడు కాదు. పుస్తకంలో ఉంది, పోలిక కుదరకపోతే కాగితం ఇవ్వకూడదు.

వెనక ఎవడో బూతు తిట్టాడు. ఒక పిడికిలి బల్ల మీద పడింది. ఆవిడెవరో నీకు తెలీదురా, ఊరందరికీ బళ్ళో అన్నం వడ్డించిన చెయ్యి అని ఇంకొకడు మీదికొచ్చాడు. ఇంకొక్క మాటైతే ఫెంటన్ ఇస్త్రీ చొక్కా కూడా ఎర్రబడేదే. ఈనిడ్ చెయ్యెత్తి వాళ్ళని ఆపింది. ఆ మనిషిని ఏమీ అనొద్దు, సరిగ్గానే చేస్తున్నాడు అంది. పొద్దుటినుంచీ తను చేసిందీ అదే. అప్పటిదాకా ఎవరూ తనతో అలా చెయ్యలేదు, అంతే తేడా.

"కుడివైపు చూడండి," అంది ఫెంటన్‌తో, ఉబ్బిన చెంపని అరచేత్తో మూసి మొహం పక్కకి తిప్పి. "ఈ పక్క నాదే. చెవి కింద పుట్టుమచ్చ ఫోటోలో కూడా ఉంది."

ఫెంటన్ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. చెవి చూశాడు, మచ్చ చూశాడు. గదిలో ఉన్న ముప్పై మందీ ఆ మచ్చ వైపే చూశారు. క్లిఫ్ కూడా చూస్తున్నాడు, గుమ్మం బయట మెట్టు మీద నుంచి. ఉన్న ఒక్క కానిస్టేబులూ వ్యానుతో పోయాడు కాబట్టి సార్జెంటు అతన్ని బయటికి తెచ్చి, ఇంకో బండి కోసం అతనితోపాటు అక్కడే కూర్చుని ఉంది.

"క్లిఫర్డ్ ట్రాంటర్ బదులు మీరు ఇంతకుముందు ఓటేశారా?" అని ఫెంటన్ పుస్తకం చూసి అడిగాడు.

"లేదు."

షాజియా గీత గీసింది. ఫెంటన్ కాగితం చింపి ఇచ్చాడు.

అరలో నిలబడి ఈనిడ్ పేర్లు చదివింది. ఒంటి కంటికి వరసలు కలిసిపోతున్నాయి. మూడో పేరు నర్సుది. గెలవదు. నిలబడ్డానికి కట్టిన డబ్బు కూడా వెనక్కి రాదు. ఈనిడ్ తన సొంత ఓటు పోస్టులో పంపి వారమైంది, ఎప్పట్లాగే, పింఛను పెంచుతానన్న పెద్దమనిషికి. ముక్కు చివర ఏదో తడి తగిలింది. కాగితం మీద రక్తం చుక్క పడితే ఎవరిదో గుర్తుపట్టచ్చని ఆ ఓటు తీసి పక్కన పడేస్తారు, అలా తీసేసిన ఓట్లు ఆవిడ చూసింది. తల వెనక్కి వాల్చి, ముక్కు గట్టిగా పట్టుకుని, చెయ్యి చాపి, కాగితాన్ని దూరంగా పెట్టి మూడో పేరు ఎదురుగా రెండు గీతలు అడ్డంగా గీసింది. మెల్లిగా మడిచి పెట్టెలో వేసింది. అది లోపల పడిన చప్పుడు విన్నాక ముక్కు వదిలింది. రక్తం జాకెట్టు మీద కారింది. కారనిచ్చింది.

బయట ఎండ ఇంకా ఉంది. సముద్రం వైపు నుంచి గాలి వీస్తోంది. ఆవిడ వెళ్ళి మెట్టు మీద క్లిఫ్ పక్కన కూర్చుంది. సార్జెంటు రెండడుగులు దూరం జరిగి ఫోన్ చూసుకుంది.

"రాయ్‌స్టన్‌ని లోపలికి తీసుకెళ్ళారట," అంది ఈనిడ్. "కళ్ళు తెరిచాడు. నిన్ను బూతులు తిడుతున్నాడట, దవడ కదలకపోయినా."

క్లిఫ్ తల ఊపాడు. ఆవిడ చెంప వైపు చూసి అన్నాడు, "నీ మొహం."

"మధ్యలో నిలబడ్డాను కదా."

"వేశావా?"

"వేశాను. ఆలస్యం కాలేదు."

వీధి చివర పోలీసు బండి మలుపు తిరిగింది. సార్జెంటు లేచి అటు వెళ్ళింది. ఈనిడ్ జేబులోంచి పాస్‌పోర్టు తీసింది. ఇందాకటిదాకా బల్ల మీద పడి ఉన్నది, అద్దం ముక్క గీసుకుని అట్ట మీద గాటు పడింది. అతని ఒళ్ళో పెట్టింది. క్లిఫ్ బేడీల చేతుల్తో దాన్ని పట్టుకున్నాడు, కానీ రుమాలు చుట్టిన వేళ్ళు పేజీ మధ్యకి దూరలేదు. ఒకసారి ప్రయత్నించాడు. రెండోసారి ప్రయత్నించాడు.

"తెరువు ఈనిడ్," అన్నాడు.

ఆవిడ తెరిచి, బండి వచ్చి ఆగేదాకా అతని కళ్ళ ముందు పట్టుకుంది.